గంట ఆగేదాకా గుటకలు

అక్టోబరు 12, సోమవారం

ఈ రోజు మొదటి ఆశ్చర్యం మొదటి పరీక్షలోనే ఎదురైంది. సముద్రం లోపల గాలి గుమ్మటాల్లో ఉండే అలకింద ఊళ్ళో పాముచెవుల మనిషని పేరున్న మా అసిరి పెద్దమ్మ చెవి పరీక్షలో తప్పింది.

నేను పరీక్షల గది తలుపు తీసేసరికే ఆవిడ గుమ్మం ముందు నిలబడి ఉంది. నున్నగా దువ్వి ముడి వేసుకుని, ఉతికిన చీర కట్టుకుని, బహుమతి అందుకోవడానికి వచ్చినట్టు వచ్చింది. ఊళ్ళో పెద్దవాళ్ళందరికీ పరీక్షలు చేస్తున్నాం కదా, తన ఫలితం గోడకి అంటిస్తారా అని అడిగింది. అలా అంటించబోమని చెప్పాను. అయినా పక్కవాళ్ళకి చెప్పొచ్చు కదా అంది.

ముక్కు దగ్గర చిన్న గొట్టం పెట్టి సన్నటి ఈల వదిలాను. చెవిలో మైకు అమర్చాను. గొంతు వెనక నుంచి చెవి లోపలికి ఒక సన్నని దారి ఉంటుంది. ఎప్పుడూ మూసుకునే ఉంటుంది. గుటక వేసినప్పుడు, ఆవలించినప్పుడు మాత్రం రెప్పపాటు తెరుచుకుంటుంది. అప్పుడు ముక్కులోని ఈల ఆ దారిన చెవిలోకి చేరి తెర మీద గీత లేస్తుంది. పెద్దమ్మ గుటక వేసింది. గీత లేవలేదు. నీళ్ళిచ్చి తాగమన్నాను. గ్లాసు ఖాళీ అయింది గానీ గీత పడుకునే ఉంది. రెండో చెవీ అంతే.

"నీ పెట్టెకి జలుబు సేసినట్టుందే" అంది పెద్దమ్మ.

నవ్వొచ్చింది గానీ నవ్వలేదు. ఈ పరీక్షలు ఎందుకో నాకు తెలుసు. తుఫాను వచ్చినప్పుడల్లా గొలుసులు చుట్టి మా ఊరి గుమ్మటాలను అలల దెబ్బ తగలని లోతుకి దించుతారు. దిగేకొద్దీ గాలి బరువెక్కి చెవిపొరను లోపలికి నొక్కుతుంది. చెవి వెనక దారి తెరుచుకుంటే కొత్త గాలి లోపలికి వెళ్ళి పొర సర్దుకుంటుంది. తెరుచుకోకపోతే చెవి దిబ్బడ వేస్తుంది, తరువాత నొప్పి, ఆ తరువాత పొర చిరుగుతుంది. ఎవరి చెవులు తెరుచుకోవని తేలితే వాళ్ళను శుక్రవారం వచ్చే పడవలో పైకి పంపెయ్యాలని గొలుసు గది పెద్ద పోలినాయుడు గారి పట్టుదల. వెళ్ళినవాళ్ళకు మళ్ళీ దిగే అనుమతి ఉండదు.

పెద్దమ్మ ఈ ఊరి గంట. దింపుడు జరిగినంతసేపూ తాడు ఆవిడ చేతిలోనే ఉంటుంది. గంట మోగితే గొలుసు ఆగుతుంది. మోగినంతసేపూ ఊరంతా నోట్లో బెల్లం ఉండ పెట్టుకుని గుటకలు వేస్తుంది. గంట ఆగితే గొలుసు మళ్ళీ కదులుతుంది. నేను పుట్టినప్పటి నుంచీ ఇంతే. అమ్మ పోయాక నన్ను పెంచింది కూడా ఆవిడే. ఆ ఇంట్లో నా పుస్తకాల అర మీద ఎప్పుడూ బెల్లం వాసనే.

మా మెహరున్నీసా మేడమ్‌కి ఫలితం చూపించాను. ఈ పరిశోధన ఆవిడదే. నేను రెండో ఏడు చదువుతూ ఆవిడ దగ్గర పని నేర్చుకుంటున్నాను. మేడమ్ కళ్ళద్దాలు తీసి తుడుచుకుని, ఏం వచ్చిందో అదే రాయమన్నారు. రాశాను. రాస్తుంటే 'తెరుచుకోలేదు' అన్న మాట ఎంత పొడుగ్గా ఉందో తెలిసింది.

అక్టోబరు 13, మంగళవారం

పొద్దున పనిలో మొదటిది యంత్రాన్ని సరిచూసుకోవడం. మేడమ్ ఏ జబ్బూ లేని చెవి కావాలంటారు. కాబట్టి రోజూ నా చెవే. ఈ రోజు కూడా గీత లేవలేదు. మైకు సరిగ్గా కూర్చోలేదేమో చూడమన్నారు మేడమ్. తీసి మళ్ళీ పెట్టాను. లేవలేదు. చివరికి ఆవిడే తన చెవిలో పెట్టుకుని గుటక వేశారు. ఠక్కున లేచింది. నాకు మైకు పెట్టుకోవడం రాదని ఇద్దరం తేల్చుకుని పనిలో పడ్డాం.

మేము ఒక్కొక్కరినీ నాలుగు రకాలుగా చూస్తున్నాం. ముందు చెవుల బాధల గురించి ప్రశ్నలు అడుగుతాం. తరువాత దీపం పెట్టి చెవిపొరను చూస్తాం. ఆ తరువాత ఈల. ఆఖరిది పీపా. అది ఇద్దరు కూర్చోగలిగే ఇనుప గది, లోపల గాలి ఒత్తిడిని పెంచొచ్చు, తగ్గించొచ్చు. పీపాకి చాలాసేపు పడుతుంది కాబట్టి అందులో కొందరినే కూర్చోబెట్టాం.

కష్టమంతా ఈ నాలుగూ ఒక మాట మీద నిలబడకపోవడంలో ఉంది. చెవులు ఎప్పుడూ బాధిస్తాయని ప్రశ్నలన్నిటికీ అవుననే జవాబిచ్చిన వంటశాల దాలమ్మకి ఈల గీత కొండలా లేచింది. తనకు ఏనాడూ ఏమీ కాలేదన్న వలల మనిషికి గీత కదల్లేదు. బడి జోగారావు మాస్టారు ఈలలో ఊరంతటికీ మొదటి స్థానంలో ఉన్నారు. ఆ సంగతి తెలిసి పిల్లలందరినీ వరసగా తన చెవిలోకి తొంగి చూడనిచ్చారట.

"ఒకరి చెవులు బాగున్నాయా లేదా అని నాలుగు సార్లు అడిగితే నాలుగు జవాబులు వస్తున్నాయి. ఏది నిజమో నాకు ఇంకా తెలియదు తరణీ" అన్నారు మేడమ్. ఒక డాక్టర్ తెలియదు అనడం నేను ఎక్కువసార్లు వినలేదు. ఆ మాట ఆవిడ నోట భయంలా కాక పనిలా వినిపించింది.

మధ్యాహ్నం పోలినాయుడు గారు వచ్చారు. దక్షిణాన అల్పపీడనం ముదురుతోందట. ఈసారి పదహారు బారల దాకా దిగాలి, మామూలు కంటే రెట్టింపు. పెద్దమ్మ గంటతో దిగితే రోజంతా పడుతుందని ఆయన బాధ. ఆయన కోపానికి కారణం ఊళ్ళో అందరికీ తెలుసు. గత తుఫానులో దింపుడు పూర్తికాకముందే అల వచ్చి నాలుగో గుమ్మటాన్ని కొట్టింది. గోడ నెర్రె ఇచ్చింది. ఆయన తమ్ముడి కాలు అక్కడే పోయింది.

"ఆవిడ ఇష్టమొచ్చినంతసేపు మోగిస్తాది. ఒకపాలి సిన్నగా, ఒకపాలి జాతరలాగ. దానికో లెక్కుందేటి?" అన్నారు ఆయన.

లెక్క లేదని మేడమ్ ఒప్పుకున్నారు. మా దగ్గర వేరే లెక్క ఉందా అని ఆయన అడిగారు. ఈలలో తెరుచుకున్న చెవులకి ఎంత వ్యవధి చాలుతుందో పుస్తకాల ప్రకారం చెప్పగలనన్నారు మేడమ్. అది చాలన్నారు ఆయన. గంట శబ్దాన్ని రికార్డు చేసి, సమానమైన విరామాలతో స్పీకర్లలో వేసి, గురువారం ఒక చిన్న దింపుడు చేసి చూద్దామని నిర్ణయమైంది.

రాత్రి కూడు తింటుంటే పెద్దమ్మకి నేనే చెప్పాల్సి వచ్చింది. ఆవిడ నా కంచంలో ఇంకో చేప ముక్క వేసింది.

అక్టోబరు 15, గురువారం

జరిగింది జరిగినట్టే రాసుకుంటున్నాను.

పొద్దున దింపుడు మొదలైంది. మూడు బారలే. అందరూ తమ తమ గుమ్మటాల్లో బెల్లం ఉండలతో కూర్చున్నారు. స్పీకర్లో పెద్దమ్మ గంటే మోగింది. అదే కంచు, అదే నాదం. మోగడం, ఆగడం, గొలుసు కదలడం, మళ్ళీ మోగడం. అన్నీ ఒకే కొలతగా సాగాయి. వినడానికి ముచ్చటగానే ఉంది. నా చెవులు మొదటి బారలోనే దిబ్బడ వేశాయి. గంట మోగినప్పుడల్లా గుటకలు వేశాను గానీ సగంలోనే అది ఆగిపోయేది. రెండో బారకి ఎవరో సూది పెట్టి లోపలికి తోస్తున్నట్టనిపించింది. నేను పరీక్షించేదాన్ని కాబట్టి నాకేమీ కాకూడదనుకుని నోరు మూసుకున్నాను. మేడమ్ నా ముఖం చూసి, గడ్డం పట్టుకుని దవడ బలంగా కదిలించమన్నారు. ఎంతసేపటికో టప్పుమని విడింది.

అంతలో బడి గుమ్మటం నుంచి గొలుసు ఆపమని ఫోను వచ్చింది.

మేము వెళ్ళేసరికి జోగారావు మాస్టారు నేల మీద కూర్చుని ఉన్నారు. కుడిచెవి నుంచి సన్నటి రక్తపు చార మెడ దాకా వచ్చింది. పిల్లలు గోడకి అతుక్కుపోయి నిలబడ్డారు. ఆయనకి నొప్పి కంటే ఆశ్చర్యమే ఎక్కువగా ఉన్నట్టుంది. తాను ఈలలో మొదటివాడినని రెండుసార్లు గుర్తు చేశారు. ఆయన కాక ఇంకో ఎనిమిది మందికి చెవులు బిగిసిపోయాయి. వాళ్ళ కోసం ఊరిని ఒక బార పైకి లేపాల్సి వచ్చింది. బాగా బిగిసిన చెవి గుటకలతో తెరుచుకోదు. ఒత్తిడి తగ్గిస్తేనే వదులుతుంది.

గదికి తిరిగి వచ్చాక మేడమ్ కుర్చీలో కూర్చుని మాస్టారి ఈల ఫలితం తీసి ముందు పెట్టుకున్నారు. తరువాత నాతో కాక తనతోనే చెప్పుకుంటున్నట్టు, ఈల పరీక్షలో మనిషి హాయిగా కూర్చుని ఒక్క గుటక వేస్తాడని, దారి ఒకసారి తెరుచుకుంటే మనం సరే అంటామని, దింపుడులో మాత్రం బరువు మీద పడుతుండగా అదే దారి మళ్ళీ మళ్ళీ తెరుచుకోవాలని అన్నారు. మనం అడిగిన ప్రశ్న వేరు, ఊరికి కావలసిన జవాబు వేరు అన్నారు.

పోలినాయుడు గారు గుమ్మంలో నిలబడి ఇదంతా విన్నారు. ఆయన ముఖం పాలిపోయి ఉంది. శుక్రవారం పడవలో ఇంకెంతమందిని పంపాలో చెప్పమని మాత్రం అడిగారు.

పెద్దమ్మ ఈ పూట అన్నం ముట్టుకోలేదు. గంట తీసుకున్నారని అలిగిందనుకున్నాను. పిలిస్తే ఒక పక్కకే తిరిగి వింటోంది.

అక్టోబరు 16, శుక్రవారం

పడవ రాలేదు. సగం దూరం వచ్చి అలలకి వెనక్కి తిరిగిందని కబురు. తుఫాను ఆదివారం సాయంత్రానికి మా మీద ఉంటుందట. ఇప్పుడు మంచి చెవులవాళ్ళూ, చెడ్డ చెవులవాళ్ళూ అందరం ఒకే గొలుసుకి కట్టుబడి ఉన్నాం. పదహారు బారలు దిగకపోతే అల కొడుతుంది. తొందరగా దిగితే చెవులు పోతాయి. చెవి చిరిగినవాడికి తల తిరుగుతుంది, వాంతులవుతాయి. పంపుల దగ్గర, తలుపుల దగ్గర ఉండాల్సిన వాళ్ళు అలా కూలబడితే ఊరు మునిగినట్టే.

పొద్దుటి నుంచి నన్ను ఒక ప్రశ్న వదల్లేదు. మా ఈల ప్రకారం ఊళ్ళో దగ్గర దగ్గర సగం మంది తప్పారు. మరి ఇన్నేళ్ళ దింపుళ్ళలో ఎవరి చెవీ ఎందుకు చిరగలేదు? మారింది ఒక్కటే. మొన్నటి దాకా గంట తాడు మనిషి చేతిలో ఉంది.

పని మధ్యలో ఇంటికి పరుగెత్తాను. పెద్దమ్మ బెల్లం ఉండలు కడుతోంది. తాడు లాగాలని ఆవిడకి ఎలా తెలుస్తుందో, ఎప్పుడు ఆపాలో ఎలా తెలుస్తుందో అడిగాను.

"ఇదేటి ప్రశ్నే గుంటా. సెవి మూసుకుంటే మోగిస్తాను. ఇడితే ఆపీస్తాను. ఇంకేటుంది?"

"ఎవరి చెవి?"

"నాది కాపోతే మీ మేడమ్‌దేటి?"

నిలబడ్డచోటే కూర్చున్నాను. ఆవిడ చెవి విడేదాకా ఆవిడ మోగిస్తుంది. ఆవిడ చెవి విడడానికి ఎంతసేపు పడితే గొలుసు అంతసేపు ఆగుతుంది. ఊళ్ళో అందరి కంటే ఆలస్యంగా విడే చెవి అది. దానికి సరిపడినంత సమయం మిగతా చెవులన్నిటికీ సరిపోయి ఇంకా మిగులుతుంది. దాన్నే పోలినాయుడు గారు లెక్కలేని గంట అన్నారు. పెద్దమ్మకీ ఈ సంగతి తెలియదు. తన చెవులు గొప్పవి కాబట్టే తాడు తన చేతికొచ్చిందని ఆవిడ నమ్మకం.

పీపా దగ్గరికి రమ్మన్నాను. రానంది. బతిమాలాను. తల అడ్డంగా ఊపుతూ కుడిచెవి మీద కొంగు లాక్కుంది. అప్పుడు చూశాను, కొంగు అంచున ఎండిన మరక. మా ఇంట్లోనే ఉన్న మనిషిని నిన్నటి నుంచి నేను చూడనే లేదు.

గదికి తీసుకువెళ్ళి దీపం పెట్టి చూశాం. కుడి పొర చిరిగింది. ఎడమ పొర వెనక నల్లగా రక్తం నిండి ఉంది. గాలికి చోటే లేదు కాబట్టి ఆ చెవికి దింపుడు వల్ల కొత్తగా ప్రమాదం లేదని మేడమ్ అన్నారు. రెండూ నయమవుతాయి. కానీ అప్పటిదాకా ఆవిడకి చెవి మూసుకోవడం, విడడం రెండూ తెలియవు.

మేడమ్ బయటికి వెళ్ళి తలుపు వేశారు. చెప్పడం నా వంతని అర్థమైంది. నాకు మాటలంటే ఇష్టం. రోజుకో కొత్త మాట ఏరుకుని దాచుకుంటాను. దాచుకున్న వాటిలో ఒక్కటీ పనికిరాలేదు. ఉన్నది ఉన్నట్టు చెప్పాను. వినికిడి వేరు, ఆ దారి తెరుచుకోవడం వేరు అన్నాను. వినడంలో ఆవిడకి ఎవరూ సాటి రారన్నాను. తెరుచుకోవడంలో మాత్రం ఊరంతటికీ ఆఖరు అన్నాను.

పెద్దమ్మ బల్ల అంచు పట్టుకుంది.

"అంటే నాయి పనికిమాలిన సెవులు."

"నువ్వు నీ చెవి కోసం ఆగావు పెద్దమ్మా. నీతోబాటు ఊరంతా ఆగింది. అందుకే ఎవరికీ ఏమీ కాలేదు."

"మీ పెదనాన్న ఉన్నప్పుడు సెప్పాల్సింది ఈ మాట. సెవులే గానీ మాట ఇనవు అని బతికున్నన్నాళ్ళూ ఏడిపించీవోడు." కళ్ళు తుడుచుకుని నవ్వింది. ఆ నవ్వు పూర్తికాకముందే భయపడింది. "మరి ఇప్పుడు గంటెవలు మోగిస్తారే?"

అక్టోబరు 17, శనివారం

పొద్దుటి నుంచి పీపా ఖాళీ లేదు. ఈలలో తప్పినవాళ్ళనీ, గురువారం చెవులు బిగిసినవాళ్ళనీ ఇద్దరిద్దరిగా కూర్చోబెట్టి కొంచెం కొంచెంగా ఒత్తిడి పెంచాం. చెవి మూసుకున్నప్పుడు చెయ్యెత్తాలి, విడినప్పుడు దించాలి. ఎవరి చెయ్యి అందరికంటే ఎక్కువసేపు పైన ఉంటుందో చూడాలి, గంట తాడు వాళ్ళకే. ఇన్ని నెలలుగా చెవులు బాగున్నవాళ్ళ కోసం వెతికాం. ఇప్పుడు తిరగేసి వెతుకుతున్నాం. మేడమ్ ఈ ఉపాయం వినగానే ఒప్పుకున్నారు గానీ, ఒక్క దింపుడూ చూడకుండా దీన్ని ఫలితం అనకూడదని, ఊహ అనే రాయాలని నాకు గట్టిగా చెప్పారు. ఊహ అనే రాస్తున్నాను.

మధ్యాహ్నానికి ఎవరూ దొరకలేదు. చెయ్యెత్తినవాళ్ళంతా రెండు మూడు గుటకలకే దించేశారు. గురువారం బిగిసినవాళ్ళకి కూడా కాస్త ముందుగా మొదలుపెట్టి, కాస్త ఎక్కువసేపు ఇస్తే చాలింది. పెద్దమ్మ పీపా కిటికీ దగ్గర స్టూలు వేసుకుని ఒక్కొక్కరినీ చూస్తూ, ఈడు పనికిరాడు, ఈడి సెవి మరీ మంచిది అని తీసిపారేస్తోంది.

తరువాత నా వైపు తిరిగింది.

"ఒలే, నిన్నెవలూ కూకోబెట్టలేదేటి?"

మేడమ్, నేను ఒకరి ముఖం ఒకరం చూసుకున్నాం. రోజూ పొద్దున లేవని గీత గుర్తొచ్చింది. రోజూ తప్పు మైకుదే అనుకున్నాం. పరీక్ష చేసేవాళ్ళ చెవులు బాగుంటాయని మేమిద్దరం ముందే రాసిపెట్టుకున్నాం.

కూర్చున్నాను. తలుపు బిగించారు. ఒత్తిడి పెరగగానే చెవిలో దూది కుక్కినట్టయింది. చెయ్యెత్తాను. గుటక వేశాను. ఇంకోటి. బెల్లం కరిగిపోయింది. ఆవలించాను. మేడమ్ కిటికీ అవతల గుటకకో వేలు మడుస్తున్నారు. రెండో చేతి వేళ్ళ దాకా వచ్చాక గానీ టప్పుమనలేదు. అప్పుడు చెయ్యి దించాను. బయటికి వచ్చేసరికి పెద్దమ్మ ముఖం వెలిగిపోతోంది.

"మా ఇంటి సెవులే" అంది మేడమ్‌తో, ఎంతో గొప్పగా.

పోలినాయుడు గారిని ఒప్పించడం అంత తేలికగా జరగలేదు. మొన్న పెద్దమ్మని తప్పించిన లెక్కతోనే ఇప్పుడు ఇంకో పనికిరాని చెవిని తెచ్చి తాడు చేతికిమ్మంటారా అన్నారు. నా గంటతో దిగితే చాలా గంటలు పడుతుంది కాబట్టి చీకటితోనే మొదలుపెట్టాలి. అలా మొదలుపెడితే బయట ఉన్న చేపలు పెంచే గూళ్ళు లోపలికి తెచ్చుకునే సమయం ఉండదు. ఏడాది కష్టం వదులుకోవాలి. ఎవరి నమ్మకం మీద వదులుకోవాలని అడిగారు. మేడమ్ పీపా తలుపు తెరిచి ఆయనని లోపల కూర్చోమన్నారు. పక్కన నేను కూర్చున్నాను.

మొదట మేడమ్ రికార్డు గంటతోనే ఒత్తిడి పెంచారు. ఆయన మీసం కదలకుండా కూర్చున్నారు. రెండో బార దాటాక మెడ నరం ఉబ్బింది. మూడోదానికి దవడ పట్టుకుని, పీపా గోడ మీద అరచేత్తో రెండుసార్లు కొట్టారు. మేడమ్ ఒత్తిడి తగ్గించారు. మా ఇద్దరి చెవులూ సర్దుకున్నాక మళ్ళీ మొదలుపెట్టారు. ఈసారి స్పీకరు లేదు. నేను చెయ్యెత్తితే ఆపడం, దించితే పెంచడం. మూడు బారలు దాటాం, నాలుగు దాటాం. ఆయన బెల్లం నములుతూ నన్నే చూస్తున్నారు. నాకు నొప్పి రాబోతున్న ప్రతిసారీ నా చెయ్యి ముందే లేస్తోందని గమనించినట్టున్నారు. ఐదో బార దగ్గర ఆయన చెవి ఎప్పుడు విడిందో ఆయనకే తెలియలేదట.

బయటికి వచ్చి చెవి రుద్దుకుంటూ నిలబడ్డారు. తమ్ముడి కాలు గుర్తొచ్చిందో, మాస్టారి చెవి గుర్తొచ్చిందో నాకు తెలియదు.

"గూళ్ళు పోతే పోనీ" అన్నారు. కాసేపటికి నాతో అన్నారు: "తరణమ్మా, అల కనబడితే నాను ఫోన్లో అరుస్తాను. బూతులు కూడా తిడతాను. నీ సెవి ఇడకపోతే మాత్రం నువ్వు గంట ఆపొద్దు. ఇప్పుడే సెప్తన్నాను, అప్పుడు సెప్పలేను."

సరేనన్నాను.

నా భయం నొప్పి గురించి కాదు. నా చెవి రేపు ఒకవేళ బొత్తిగా తెరుచుకోకపోతే గొలుసు అక్కడే ఆగిపోతుంది, మీద నుంచి అల వస్తుంది. తొందరపడి నేను చెవి విడకుండానే గంట ఆపితే ఎక్కడో ఒక గుమ్మటంలో ఇంకో మాస్టారు నేల మీద కూలబడతారు. రెండిటి మధ్యా ఉన్నది వేలెడు కూడా లేని ఒక సన్నని దారి. దాన్ని నేను ఇంతవరకూ ఇతరుల తలల్లోనే చూశాను.

సాయంత్రం పెద్దమ్మ నన్ను గంట గదికి తీసుకువెళ్ళి తాడు పట్టుకోవడం నేర్పింది. భుజంతో కాదు, నడుంతో లాగాలట. నొప్పి వచ్చాక మోగిస్తే ఆలస్యమైపోతుందని, బరువు తెలియగానే లాగాలని చెప్పింది. తనకి ఇప్పుడు సగమే వినిపిస్తోంది, అందుకని గంట మీద అరచెయ్యి పెట్టి నాదాన్ని చూసింది. బాగుంది అంది.

రేపటి పని ఇది. చీకటితోనే లేవాలి. చల్లనీళ్ళు తాగకూడదు, వేడి ఉప్పునీళ్ళు పుక్కిలించాలి. పెద్దమ్మ కట్టిన ఉండల డబ్బా గంట గదిలో ఎడమచేతికి అందేలా పెట్టుకోవాలి. మేడమ్ నా పక్కన దీపంతో ఉంటారు, మధ్యమధ్యలో నా చెవిపొర చూస్తారు. మాస్టారు బడి గుమ్మటంలో పిల్లల చేత గుటకలు వేయిస్తారు. అలసిపోయి తాడు జారితే అందుకోవడానికి పెద్దమ్మ నా వెనక నిలబడుతుంది. మొదటి అరబార దిగగానే నా చెవిలో బరువు తెలుస్తుంది. అప్పుడు లాగుతాను. ఎవరు తిట్టినా, నా చెవి విడ్డాకే ఆపుతాను.